నేలకన్నా నాలుగేళ్లు చిన్న

తిరిగొచ్చి పంతొమ్మిది రోజులు.
ఇంకా బూటు మడమలో
ఆ ఊరి ఎర్రమట్టి కాస్త ఇరుక్కునే ఉంది.
గీకెయ్యమంటుంది హిస్కె.
ఈ వారం కాదంటాను.

మా రోడ్డు స్కేలు పెట్టి గీసిన గీత.
వంటింటి కిటికీలోంచి చూస్తే
పోస్టు మనిషి పావుగంట ముందే కనబడతాడు.
తెస్తున్నది నీటిపన్ను కాగితమని
అతని నడకలోనే తెలిసిపోతుంది.
ఇక్కడ ఏదైనా
రాకముందే వచ్చేసి ఉంటుంది.

ఫెజ్‌లో అలా కాదు.
ఒక భుజం పట్టేంత సందు,
నాలుగడుగులకో మలుపు,
మలుపు అవతల ఏముందో
మలుపుకే తెలీదు.
"బాలక్! బాలక్!" అని వెనకనించి కేక.
తప్పుకోమని అర్థమట.
గోడకి అతుక్కుపోతే
పచ్చితోళ్ల మోపుతో ఒక గాడిద
నా పొట్ట రాసుకుంటూ పోయింది.
అరవై మూడేళ్లలో
నన్నెవరూ అంత దగ్గరగా దాటి వెళ్లలేదు.

గొళ్లేలు చేసే లార్బీ కొట్లో
పుదీనా టీ తాగుతూ కూచున్నాం.
ఆయన సుత్తి తాతదట.
తాతకి ఎవరిచ్చారో
ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు.
"మరి మీ ఊరి వయసెంత?" అన్నాడు.
నేల నాకన్నా నాలుగేళ్లు పెద్ద,
ఊరు నాకన్నా ఆరేళ్లు చిన్న,
అంతకుముందు అక్కడంతా సముద్రం అన్నాను.
మేనల్లుడు రెండుసార్లు అనువదించాడు.
ముసలాయన నన్నే చూసి, చూసి,
నా గ్లాసులో ఇంకో చక్కెరగడ్డ వేశాడు,
తల్లి లేని పిల్లాడికి వేసినట్టు.

నిజానికి నేనేం అనాథని కాను.
మా నాన్న విమానంలో కూచుని
ఈ బురద మీద రెల్లుగింజలు చల్లాడు.
మాకు పూర్వీకులంటే అంతే:
ఒక విమానం, కొన్ని గింజలు.
నిన్నమొన్నటిదాకా అదే గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

ఇప్పుడు కాలుగాలిన పిల్లిలా
వంటింటికీ గరాజుకీ, గరాజుకీ వంటింటికీ.
"ఏం వెతుకుతున్నావ్?"
"ఏమీ లేదు."
"దొరికిందా?" అంటుంది హిస్కె
తల ఎత్తకుండానే.

మంగళవారం, తప్పిపోదామనే
సైకిలెక్కి బయల్దేరాను.
ఎడమ, మళ్లీ ఎడమ,
కళ్లు మూసుకుని కుడి.
నలభై నిమిషాలకి
మా ఇంటి వెనకగేటు ముందే తేలాను.

రాత్రి డ్యూటీ పంపుహౌసులో.
మూడు మోటార్లు నీళ్లు తోడుతుంటాయి,
నేను ముల్లు చూస్తుంటాను.
ముప్పయ్యేళ్లు ఆ హోరు నాకు జోలపాట.
ఈ మధ్య అది
ఒకే మాట అరిగేదాకా చెప్పే మనిషిలా ఉంది.
ఒక్క రాత్రి ఆపేస్తే, అనుకున్నాను.
వేలు మీటదాకా వెళ్లలేదు,
జేబులోంచి బయటికొచ్చింది, అంతే.
హిస్కెకి చెప్పలేదు.

తెల్లారి ఇంటికెళ్లకుండా
యోరిట్ ఉల్లితోటకి పోయాను.
మధ్యలో ఒక నీలం గుంజ.
దాని కింద పాత పడవ ఉందని గుర్తు.
చిన్నప్పుడు తవ్వుతుంటే చూశాను:
ఇటుకపొయ్యి, మసి ఆరని కుండ,
ఒంటి చెప్పు.
చూసి మళ్లీ మట్టి కప్పేశారు,
చెక్కకి గాలి పడదట.
అంటే ఎవరో
ఇప్పుడు ఉల్లిపాయలున్న ఎత్తుకి పైన
వంట చేసుకుంటూ వెళ్లారు.
ఎటు వెళుతున్నారో
ఈ రోడ్లేవీ చెప్పలేవు.

చుట్టూ చూశాను. ఎవరూ లేరు.
గొంతు సవరించుకుని
"బాలక్!" అని అరిచాను.
సిగ్గేసింది. మళ్లీ అరిచాను.

ఉల్లికాడల్లోంచి ఒక కుందేలు లేచి
కుడికి, ఎడమకి, మళ్లీ ఎడమకి
వంకరటింకరగా దూసుకుపోయింది.
కాడలు ఊగుతూ ఊగుతూ
కాసేపు తెరుచుకునే ఉన్నాయి.

మా ఊళ్లో నేను చూసిన
మొదటి సందు.